మంగళవారం పొద్దుటి నీడ

"మంగళారం నేను పనికి రాలేదని రాసినారంట పాపా. పొద్దు పొడవకముందే పోయి మట్టి తవ్వితి గదా!" అంది పెద్దమ్మ, చెంబెడు నీళ్లు గటగటా తాగి.

శింగనమల చెరువులో పూడిక తీసే ఉపాధి హామీ పని అది, ఊళ్లో కరువు పని అంటారు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పని చూసే మేటు కూలివాళ్లందరినీ నిలబెట్టి ఫోటో తీసి యాప్‌లో పెడతాడు. ఫోటోలో ఉంటేనే హాజరు, లేకపోతే ఆ రోజు కూలి పోయినట్టే.

నేను బెంగళూరులో పెరిగినదాన్ని. ఫోన్ ఎటూ చేతిలోనే ఉంది, ఆ పథకం వెబ్‌సైట్ వెతికాను. ఊరి పేరు కొట్టగానే పేర్లూ ఫోటోలూ బిలబిలా వచ్చేశాయి. పాస్‌వర్డ్ లేదు, ఏమీ లేదు. నెత్తిన కొంగు కప్పుకుని, ఎండకు కళ్లు చికిలించుకుని నిలబడ్డ ఆడవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయింది.

"మిమ్మల్ని ఒక్క మాట అడక్కుండా మీ ముఖాలు లోకమంతా చూపిస్తున్నారు పెద్దమ్మా! తీసేయమని ఇప్పుడే కంప్లైంట్ పెడతా."

"అరిసేది ఆపి, ఆ మంగళారం పొటో ఇట్ల తే."

ఫోన్‌ను చేయంత దూరాన పట్టుకుని చూసింది. తన ముఖం వెతుక్కుంటుందనుకున్నాను. ముఖాల జోలికే పోలేదు. అందరి కాళ్ల దగ్గరా చూసింది.

"ఇది పొద్దున తీసింది కాదు."

"పొద్దున అనే రాసుంది కదా పైన?"

"రాసినోడు రాసినాడు. పొద్దున మా నీడ కట్ట మింద పడతాది. ఈడ చూడు, చెరువులోకి పడింది. ఇది సోమారం మద్యానం పొటో. అప్పుడు నేను ఆస్పత్రికి పోయింటి. లేను, నిజమే. దాన్నే మంగళారం పొద్దున అని మళ్లా ఎక్కించినాడు మేటు."

సోమవారం మధ్యాహ్నం ఫోటో తెరిచాను. అదే. రెండింట్లోనూ ఒకామె జుట్టు సర్దుకుంటూ అట్లాగే ఆగిపోయి ఉంది. నా ఫోన్‌లో వేల ఫోటోలున్నాయి. వాటిని ఎవరు చూస్తారో అని భయపడ్డానే కానీ, ఒక్కదాన్నీ ఇట్లా చూసింది లేదు. అక్షరం రాని పెద్దమ్మ, నీడను చూసి వేళ చెప్పేసింది.

"తీసేయమని రాస్తివా యేంది?"

"ఇంకా లేదు."

"రాయొద్దు. అది పోతే నా మంగళారం పోతాది."

మర్నాడు పొద్దున్నే ఇద్దరం చెరువులోకి దిగాం. నా ఫోన్‌లో ఆ రెండు ఫోటోలూ చూసి మేటు తల గోక్కున్నాడు.

"సిగ్నల్ రాలేదత్తా. పాతది ఎక్కిస్తి."

"నీ సిగ్నల్ రాకుంటే నేను రానట్లా అప్పా?"

పారలు పట్టుకున్నవాళ్లంతా గొల్లున నవ్వారు.

"ఆఫీసులో నేనే చెప్తాలే," అన్నాడు మేటు. "అయితే రెండూ ఒకటే పొటో గదా, ఇది మద్యానందే అని ఎట్ల నమ్ముతారత్తా?"

పెద్దమ్మ నావైపు తిరిగింది. "ఇప్పుడొకటి తీ పాపా. పక్కన పెట్టి చూపిస్తాడు."

ఫోన్ ఎత్తాను. ఎందుకో చేయి ఆగింది. "అందరినీ తీయొచ్చా?" అని అడిగాను. ఒకామె నవ్వుతూ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"మొగాలు వద్దులే," అంది పెద్దమ్మ. "నీడలు తీ, చాలు."

తీశాను. కట్ట మీద బారుగా నీడలు, ఒక్క ముఖం లేదు. పెద్దమ్మ ఒక్కొక్క నీడా ఎవరిదో వరుసగా చెప్పుకుంటూ పోయింది. చివర్న ఒక పొట్టి నీడ మీద వేలు పెట్టి, మేటు వైపు చూసింది.

"ఇది నేను. రాసుకో."