టోచన్ రాడ్డు మీద నా సాక్ష్యం

ఇప్పుడంటే ఏ సంగతినైనా ఒకటికి రెండుసార్లు తిరగేసి నమ్ముతున్నాను గానీ, ఆ వయసులో నా నమ్మకానికి బ్రేకులే ఉండేవి కావు. చంద్రపూర్‌లో ఉస్తాద్ గ్యారేజీలో చేరి అప్పటికి ఏడాది. (ఉస్తాద్ అంటే మా మేస్త్రి, రాజురా వైపు తెలుగువాడే.) పాత మిలటరీ బండ్లను మళ్ళీ నిలబెట్టడం ఆయన పని, పంక్చర్లు వేయడం నా పని. ఒకసారి నాగ్‌పూర్ నుంచి ఒక కర్నల్ సాబ్ తన పాత జీపును మాకు అప్పగించాడు. దానికి అన్నీ ఉన్నాయి, టోచన్ రాడ్డు తప్ప. ఆగిపోయిన బండిని ఇంకో బండికి తగిలించి లాగడాన్ని మా దగ్గర టోచన్ అంటారు. రెండు ఇనుప కాళ్ళు కలిసే చోట ఒక రింగు, అదే టోచన్ రాడ్డు. పాత బండ్ల ప్రదర్శనలో నకిలీది కనబడితే కర్నల్ సాబ్ పరువు పోతుందట. "అసలుది పట్టుకరా, నిన్ను గీ జీపు పనిల పెడ్త. లేకుంటే పంక్చర్లే" అని చెప్పి ఉస్తాద్ విరూర్‌లో పెళ్ళికి వెళ్ళిపోయాడు.

మూడు రోజులు ఉపవాసముండి ప్రార్థించాను. నాలుగో రోజు పాత ఇనుము కొట్టులో, గుట్ట అడుగున, ఆకుపచ్చ రాడ్డు ఒకటి కనబడింది. ఆకుపచ్చ అంటే మిలటరీ కాక మరేమిటి? పైగా రింగు పక్కన రంగు కింద ఉబ్బెత్తు అక్షరాలేవో వేలికి తగిలాయి. కంపెనీ ముద్రే అనుకున్నాను. ఉస్తాద్ వచ్చేది సోమవారం. మధ్యలో ఆదివారం వచ్చింది, అదే నా కొంప ముంచింది. చర్చిలో దేవుడు చేసిన మేలు అందరికీ చెప్పుకునే సాక్ష్యాల సమయంలో లేచి, దేవుడే నా చెయ్యి పట్టుకుని ఆ రాడ్డు మీద పెట్టాడని చెప్పాను. స్తోత్రాలు మోగాయి. అమ్మ కళ్ళు తుడుచుకుని, వచ్చే ఆదివారం సాయంత్రం మా ఇంట్లో కృతజ్ఞత కూడిక అని అక్కడికక్కడే ప్రకటించింది.

సోమవారం ఉస్తాద్ వైరు బ్రష్షుతో గీకాడు. ఆకుపచ్చ కింద నీలం, నీలం కింద ఎరుపు, దాని కింద నా కంపెనీ ముద్ర: జై కిసాన్.

"మిలటరీల జై కిసాన్ ఎవడు రాసుకుంటడురా?"

"ముంగట జై జవాన్ ఉండి అరిగిపోయింటది ఉస్తాద్."

ఆయన నవ్వి నవ్వి టైరు మీద కూలబడ్డాడు. "ఇది ట్రాక్టర్ ట్రాలీది బేటా. అసలుదాని రింగు కాల్చి కొట్టిన ఒకటే ముక్క, ఏడ జూసినా అతుకు దొరకది. అంకెలు పంచ్ కొట్టినయి, లోపటికి దిగుతయ్. గివి వెల్డింగ్ అక్షరాలు, పైకి లేచినయ్. వేలికి తగిలినప్పుడే తెల్వాలె నకిలీదని."

రాడ్డు పోతే పోయింది. నా సాక్ష్యం మాటేమిటి? దేవుని పేరు పెట్టి సంఘం ముందు అబద్ధం చెప్పినట్టయింది కదా! వారమంతా అన్నం సయించలేదు. చివరికి పాస్టర్ అయ్యగారి దగ్గరికి పోయాను.

"అయ్యగారూ, నా సాక్ష్యం వాపస్ తీసుకోవాలె."

"సాక్ష్యం చెప్పుడే ఉంటది గని వాపస్ తీసుకునుడు ఏందిరా? ఇదేమన్న దుకాణమా?" అని ఆయన చాలాసేపు గడ్డం నిమురుకున్నారు. "దేవుడు తప్పు చూపించిండంటవా?"

"కాదయ్యగారూ, నేనే తప్పు చూసిన."

"గదే లేచి చెప్పు."

చెప్పాను. జై కిసాన్‌తో సహా చెప్పాను. (ఆడవాళ్ళ వైపు నుంచి అమ్మ చూసిన చూపు ఇప్పటికీ మరువలేను.) చెప్పి కూర్చోబోయాను. అంతలో మా పెద్దమ్మ చాప మీద నుంచి మెల్లగా లేచింది. "అయ్యగారూ, పోయిన నెల నా మోకాళ్ళు బాగైనయని చెప్పిన గద. ఒకటే బాగైంది. ఎడమది ఇంక గుంజుతనే ఉంది." ఆవర్‌పూర్ సిమెంటు ఫ్యాక్టరీలో రిటైరైన తాత వెంటనే అందుకున్నాడు. "పొగాకు ఇడిసిపెట్టిన అని చెప్పిన. ఆదివారం మట్టుకే ఇడిసిన." ఆ తర్వాత ఇంకో నలుగురు లేచారు. ఆ రోజు ప్రసంగానికి సమయమే మిగల్లేదు. సాయంత్రం కూడిక మాత్రం ఆగలేదు. "బూందీ చేపిచ్చిన, ఏదో ఒకదానికి స్తోత్రం చెప్పుకోవాలె గద" అంది అమ్మ. కర్నల్ సాబ్ రాడ్డు లేకుండానే ప్రదర్శనకు వెళ్ళాడు. నేను మరో ఏడాది పంక్చర్లే వేశాను.

ఇప్పుడు ఏ రాడ్డు అసలుదో, ఏది కాదో వంగి ఒక్కసారి చూసి చెప్పగలను. సాక్ష్యాలూ చెబుతూనే ఉన్నాను: ఆరోగ్యం బాగుంది, పిల్లలు బాగున్నారు, దేవునికి స్తోత్రం. అన్నీ నిజాలే. కానీ ఒక్క మధ్యాహ్నంలో అద్భుతాన్ని నమ్మేసి, వారం తిరిగేసరికి అందరి ముందూ కాదని ఒప్పుకున్న ఆ పంక్చర్లవాడు గుర్తొస్తే నవ్వూ వస్తుంది, కాస్త అసూయా కలుగుతుంది. ఈ మధ్య నేను చెప్పేవన్నీ, ఎవరూ బ్రష్షు పెట్టి గీకి చూడని సాక్ష్యాలే.