ఎల్వుడ్ ప్రాట్ పడవ దక్షిణానికి వెళ్ళిన వైనం

ఎల్వుడ్ ప్రాట్ పడవ ఉత్తరాన పెద్ద సరస్సు ఒడ్డునున్న ఆస్వీగో రేవు నుంచి ఫ్లోరిడా దాకా గంటకు తొంభై మైళ్ళ వేగంతో వెళ్ళింది. తెరచాప విప్పలేదు, అడుగుకు చుక్క నీరు తగలలేదు. నమ్మనివాళ్ళు రేవులో ఎవరినైనా అడగవచ్చు. అడిగిన ప్రతివాడూ ఇంకో పది మైళ్ళు కలిపి చెబుతాడు.

ఎల్వుడ్ ఇరవై ఎనిమిదేళ్ళు రోడ్ల మీద మంచు తోసే బండి నడిపాడు. సరస్సు మీదుగా పడమటి గాలి తిరిగిందంటే ఆ ఊళ్ళో ఇంటికప్పు ఎక్కడుందో చీపురుకర్ర గుచ్చి వెతుక్కోవాలి. ఒక ఫిబ్రవరిలో ఎల్వుడ్ చర్చి శిఖరం మీద బండి ఆపి కాఫీ తాగాడంటారు. అందులో శిఖరం ఒక్కటే అబద్ధం. ఫ్లాస్కులో కాఫీ ఒంటరిగా తాగడం మాత్రం ఇరవై ఎనిమిది చలికాలాల నిజం. ఊరు లేచేసరికి రోడ్డు శుభ్రంగా ఉండేది, ఎల్వుడ్ నిద్రపోతూ ఉండేవాడు. పెళ్ళి మాట ఎత్తేంతసేపు ఏ ఆడమనిషి ఎదుటా మెలకువగా ఉన్న పాపాన పోలేదు.

ఉద్యోగం మానిన ఏడాది సెప్టెంబరు చివర ఒక తెరచాప పడవ కొన్నాడు. ఈసారి మంచు పడేనాటికి ఇక్కడ ఉండకూడదని పంతం. లోపల ఎదురెదురుగా రెండు పడక బల్లలు. రెండు తలగడలు కొన్నాడు.

రేవులో క్రేను నడిపే రోండా కొవాల్‌స్కీ ఆ తలగడలు చూసి కూడా వాటి గురించి నోరు మెదపలేదు. ఊరు ఊరంతా ఆశ్చర్యపోయింది.

"లారీ మీద పంపెయ్ ఎల్వుడ్. వారంలో అక్కడుంటుంది," అంది.

"కాలవలోంచి తీసుకెళ్తా."

"ఇంకో రెండు వారాల్లో చలికాలానికని కాలవ మూసేస్తారు. అయినా దానికి ఇద్దరు కావాలి. నువ్వు ఎటునుంచి లెక్కపెట్టినా ఒక్కడివే."

"మనిషి దొరుకుతాడులే."

"ఎవరు, నీ మంచుబండా?"

సరస్సు నుంచి సముద్రం దారి పట్టించే ఆ కాలవ మీద వంతెనలన్నీ పొట్టివి. అందుకని తెరచాప కొయ్యను ఊడదీసి, పడవ మీద పొడుగ్గా పడుకోబెట్టి వెళ్ళాలి. దారిలో ముప్పై లాకులు. లాకు లాకుకీ నీళ్ళు లేచి దిగుతుంటే ముందొకరు, వెనకొకరు తాడు పట్టుకోవాలి. ఒక్కడే అయితే పడవ అడ్డం తిరిగి, రెండు కొసలా పొడుచుకొచ్చిన కొయ్య గోడకు కొట్టుకుని విరుగుతుంది.

ఎల్వుడ్ తమ్ముణ్ణి అడిగాడు. మోకాళ్ళు బాగాలేవన్నాడు. పాత సహోద్యోగిని అడిగాడు. వాడికి జింకల వేట రోజులు దగ్గరపడ్డాయి. హోటల్లో కాఫీ తాగే బర్ట్‌ని అడిగితే పగలబడి నవ్వాడు.

"నీతో పదిహేను రోజులా? నువ్వు ఏడాదికి మాట్లాడేదే పదిహేను మాటలు. రోజుకొకటి చొప్పున వినాలా?"

ఎల్వుడ్ కూడా నవ్వాడు. ఆ రోజు మాట అలా ఖర్చయిపోయింది.

అప్పుడు చేశాడు తప్పు. మనిషి దొరక్కముందే కొయ్య దింపించాడు. కొయ్య దిగిందంటే కాలవకు బయలుదేరినట్టే, ఎవడో ఒకడు ముందుకొస్తాడని ఆశ. రేవులో ఉన్న ఏడుగురూ పని వదిలి వచ్చి పట్టారు. పని అయ్యాక ఏడుగురూ చేతులు తుడుచుకుని వెళ్ళిపోయారు.

పడుకోబెట్టిన కొయ్యను మోయడానికి రెండేసి కర్రలు కత్తెరలా బిగించిన కర్రకత్తెరలు ఆ రేవులో ఎవరి సొంతమూ కావు. ఇటునుంచి వెళ్ళే పడవవాళ్ళు కాలవ చివర వదిలేస్తారు, వసంతంలో వచ్చేవాళ్ళు వెనక్కి తెస్తారు. వాడిన ప్రతివాళ్ళూ వాటి మీద పేర్లు రాస్తారు. అన్నీ జంట పేర్లే. వాటి కింద ఎల్వుడ్ నల్ల రంగుతో "ఎల్వుడ్ ప్రాట్, ఇంకా" అని రాసి ఆగాడు.

రోండా వంగి చదివింది. "ఇంకా ఎవరు?"

"నీకు తాడు పట్టుకోవడం వచ్చుగా," అన్నాడు ఎల్వుడ్, తాడు వంకే చూస్తూ.

రోండా నడుమెత్తి క్రేను వైపు చూసింది. "నేనొస్తే ఈ నలభై పడవల్నీ మంచులోపు ఒడ్డుకెవరు లేపుతారు? రెండేళ్ళ ముందు అడిగుంటే అప్పుడు వేరేవాడు నడిపేవాడు క్రేను."

"రెండేళ్ళ ముందు పడవ లేదుగా."

"పడవ లేకుండా కూడా అడగొచ్చు, మొద్దూ."

క్రేను దగ్గర ఎవరో కేకేస్తే ఆమె వెళ్ళిపోయింది.

కాలవ మూయడానికి నాలుగు రోజులుందనగా కెనడా నుంచి ఒక జంట కర్రకత్తెరల కోసం వెతుక్కుంటూ వచ్చింది. ఎల్వుడ్ తన దగ్గరున్నవి ఇచ్చేశాడు. ఆ అమ్మాయి పేర్లు చదువుతూ అడిగింది, "ఇంకొకరి పేరు రాయలేదేం అంకుల్?"

"రాలేదమ్మా," అన్నాడు. మర్నాడు లారీ మాట్లాడుకున్నాడు.

వసంతంలో అతను వెనక్కి వచ్చేసరికి ఊళ్ళో చెప్పుకునే పడవ వేగం తొంభై మైళ్ళకు చేరింది. బర్ట్ హోటల్లో అందరి ముందూ ఆ కథ మొదటినుంచి చెప్పాడు. ఎల్వుడ్ కప్పు కింద పెట్టాడు.

"యాభై అయిదు. లారీ మీద. పక్క సీట్లో నేనున్నా. డ్రైవరు మాట్లాడే రకం కాదు."