పౌడర్ నిలవని నుదురు

ఆ రోజుల్లో ఫిల్మ్‌నగర్‌లో మేకప్ అంటే మగవాళ్ల పని. ఆడవాళ్లం జుట్టు చూసుకోవాలి, అంతే. నేనూ ఏడేళ్లు సవరాలు కట్టాను, పిన్నులు గుచ్చాను. కంప్యూటర్ కోర్సుల ఊపు వచ్చాక వాటి ప్రకటనల కోసం చిన్న చిన్న వీడియో షూటింగులు మొదలయ్యాయి. వాటికి ఇద్దర్ని పిలిచే స్తోమత ఎవరికీ ఉండేది కాదు. "రెండూ నువ్వే చూడమ్మా" అనేవారు. సరేననేదాన్ని. అయినా మేకప్‌మన్‌లెవరైనా చూసి నిలదీస్తారేమోనని, పౌడర్ డబ్బా దువ్వెనల కింద దాచుకుని మోతీనగర్‌లో బస్సెక్కేదాన్ని.

ఆ రోజు షూటింగు జూబ్లీహిల్స్‌లో, ఒక అద్దె బంగళాలో. కింద కంప్యూటర్ క్లాసులు, పైన ఆఫీసు. తమ దగ్గర చేరితే ఉద్యోగం ఖాయమని ఆ సంస్థ యజమాని కెమెరా ముందు చెప్పాలి. దాన్ని కేబుల్ టీవీలో వేస్తారు. ఆయనకు యాభై ఏళ్లుంటాయి. కోస్తా మనిషి, మెత్తగా మాట్లాడతాడు. చప్పుడు వస్తుందని ఏసీ, ఫ్యాన్ ఆపేశారు. రెండు లైట్లు మొహానికి దగ్గరగా పెట్టారు. కాసేపటికే ఆయన నుదురు నూనె రాసిన పెనంలా అయింది.

"షైన్ కొడుతోందమ్మా, పౌడర్ వెయ్యి!" డైరెక్టర్ అరిచాడు.

వేశాను. మళ్లీ మెరిసింది. మళ్లీ వేశాను. మూడోసారికి చెమటలో పౌడర్ ముద్దకట్టి, మొహం పెచ్చులూడే సున్నపు గోడలా తయారైంది. కెమెరామన్ నవ్వాడు. పని రాదని ఇక్కడి నుంచే పంపేస్తారేమోనని భయమేసింది.

మొత్తం తుడిచేశాను. పది నిమిషాలు అడిగి, లైట్లు ఆపించి, ఆయన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. మెడ మీద తడి రుమాలు వేశాను. చెమట ఆరాక టిష్యూ కాగితం రుద్దకుండా అద్ది, జిడ్డు పీల్చేదాకా ఆగాను. అప్పుడు కొంచెమంటే కొంచెం పౌడర్ పఫ్‌తో నుదుటి మీద, ముక్కు పక్కల ఒత్తాను. ఇది నాకెవరూ నేర్పలేదు. మేకప్‌మన్‌ల వెనక నిలబడి చూసి పట్టుకున్నది.

మొహం కుదిరింది. ఆ సంతోషంలో నోరు జారింది.

"సార్, మా చెల్లె డిగ్రీ అయిపోయింది. మీ దగ్గరనే చేరుతనంటుంది. చేర్పియ్యమంటరా?"

నా వేళ్ల కిందే ఆయన నుదుట చెమట పుట్టింది. లైట్లు ఆపేసే ఉన్నాయి. కిటికీలోంచి గాలి వస్తూనే ఉంది. ఆయన డైరెక్టర్ వైపోసారి చూసి, గొంతు తగ్గించాడు.

"ఇప్పుడొద్దమ్మా."

"ఎందుకు సార్?"

"వద్దన్నాగా. ఇంకెక్కడైనా చూడండి."

"రెడీనా?" అని డైరెక్టర్ కేకేశాడు. నేను ఇంకో టిష్యూ తీశాను. అద్దాను, ఒత్తాను. ఆయన లైట్ల మధ్యకు వెళ్లి, "మా దగ్గర చేరిన ప్రతి ఒక్కరికీ ఉద్యోగం" అన్నాడు. మొహం మీద ఎక్కడా మెరుపు లేదు. డైరెక్టర్ నన్ను మెచ్చుకుని, ఇంకో వీడియోకి పిలుస్తానన్నాడు.

ఇంటికెళ్లి చెల్లెను వద్దన్నాను. "జుట్లు దువ్వేదానివి, నీకేం తెలుస్తదక్కా?" అంది. అమ్మ కూడా నన్నే తిట్టింది. కారణం చెప్పలేకపోయాను. చెబితే ఆ మాట గల్లీ అంతా తిరుగుతుంది, ఆ తర్వాత నన్నెవరు పనికి పిలుస్తారు? చెల్లె చివరికి బంజారాహిల్స్‌లో ఒక ఆసుపత్రి రిసెప్షన్‌లో చేరింది.

వీడియో కేబుల్‌లో నెల రోజులు వచ్చింది. వచ్చినప్పుడల్లా లేచి వంటింట్లోకి పోయేదాన్ని. అది చూసి మా గల్లీ చివరింటి పిల్ల చేరదామనుకుంది. చేరే ముందు తల్లితో మా ఇంటికొచ్చింది.

"అక్కా, ఆ సార్‌ను నువ్వు దగ్గరికెళ్లి చూసినవట గద. మంచోడేనా?"

"మంచోడే" అన్నాను. అబద్ధం కాదది. కానీ ఆ పిల్ల అడిగింది అది కాదు.

వానాకాలం పోకముందే బంగళాకు తాళం పడింది. ఆ పిల్ల చేరి కట్టిన ఫీజంతా పోయింది, ఉద్యోగమూ రాలేదు. వాళ్లమ్మ ఒకరోజు నల్లా దగ్గర, "మీ చెల్లెనెందుకు చేర్పియ్యలే?" అని అడిగింది. నేను బిందె నిండకముందే ఎత్తుకుని వచ్చేశాను.