మట్టి మోసిన డంపర్

మా బాపు నర్సింగం గోదావరిఖనిలో ముప్పై ఏళ్లుగా లారీలకు రంగులు వేస్తున్నాడు. స్టిక్కర్లు వచ్చాక పని పలచబడింది. నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసి ఆయనకు రంగులు కలుపుతున్నాను. బాపు ఏ బండినైనా ఉన్నదున్నట్టు గీస్తాడు. మనిషి ముఖం మాత్రం కుదరదు. ఒకసారి ఓ లారీ ఓనరు తండ్రి బొమ్మ వేస్తే అడ్డా మీద అందరూ నవ్వారట. తర్వాత మళ్లీ ఆ జోలికి పోలేదు.

ఈమధ్య కమాన్‌పూర్ నుంచి సారవ్వ వచ్చింది. ఆమె భర్త సదయ్య ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడిపేవాడు. గుండెపోటుతో పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం నాటికి ఆయన డ్యూటీలో ఉన్న బొమ్మ గోడకు ఉండాలని ఆమె కోరిక. ఇంట్లో పెళ్లి ఫొటో ఉంది కానీ డంపర్‌తో దిగింది ఒక్కటీ లేదు.

"మొకాలు నాకు రావు చెల్లె," అన్నాడు బాపు.

"బండి వస్తది గదా అన్నా. గీయుండ్రి."

నాలుగు రోజులు రేకు మీద గీశాడు. పసుపు డంపర్, మనిషిని మించిన చక్రాలు, తొట్టి నిండా నిగనిగలాడే బొగ్గు. క్యాబిన్ అద్దం వెనుక ఖాళీ వదిలాడు.

సారవ్వ చాలాసేపు చూసింది.

"గిది ఆయన బండి గాదన్నా."

"ఏం తప్పైంది?"

"ఆయన బొగ్గు మొయ్యలే. పద్దెనిమిదేండ్లు మట్టే మోసిండు. తోటోళ్లు మట్టి సదయ్య అని ఎక్కిరిచ్చేటోళ్లు. 'నేను పైమట్టి తియ్యకుంటే బొగ్గు యాడికెళ్లి వస్తదిరా, మీ అత్తగారింటికెళ్లా?' అనేటోడు."

బాపు తల దించుకున్నాడు. ఆ నలుపు కలిపింది నేనే. గని ఊళ్లో పుట్టిన నాకూ మట్టి సంగతి తోచలేదు.

ఎర్రమట్టి రంగు కలిపాను. సారవ్వ పక్కన నిలబడి, "ఇంకింత బూడిద రంగు పొయ్యి బిడ్డా," అంది. నలుపు కప్పేయడానికి రెండు పూతలు పట్టింది.

బాపు కుంచె అద్దం దగ్గర ఆగింది. "మరి మొకం ఎట్ల చెల్లె?"

"మొకమెందుకన్నా? మా చేను కాడికెళ్లి చూస్తే మట్టిగుట్ట ఎక్కే బండే కనవడేది. తొమ్మిదో నంబరంటే ఆయనే. నేను చెయ్యెత్తితే పట్టపగలు లైటేసేటోడు."

బాపు బొమ్మలో డంపర్ తలుపు మీద తొమ్మిది వేశాడు. తెల్లని ఎండలోనే ముందు దీపాలు రెండూ వెలిగించాడు.

సారవ్వ చెయ్యి సగం పైకి లేచింది. నేను చూస్తున్నానని తెలిసి, ఆ చేత్తోనే కొంగు సర్దుకుంది.