కొమ్ముతో కలిపి చూసిన రంగు

నాకు దూరపు చూపు ఆనదన్న సంగతి మా ఇంటి టీవీ వల్ల బయటపడిందని అందరూ అనుకుంటారు. అంతకు చాలా ముందే నాకు తెలుసని ఇప్పటివరకు ఎవరికీ చెప్పలేదు. కాలేజీలో నల్లబల్ల మీది రాత నాకు సున్నపు మరకలా కనిపించేది. పక్కనున్న అమ్మాయి నోట్సు చూసి రాసుకునేదాన్ని. చెప్పకపోవడానికి కారణం ఒక్కటే. ఏర్గట్లలో మా పెద్దమ్మ కూతురికి కళ్లద్దాలు వచ్చిన రోజే ఆమె పుస్తకాలన్నీ అటకెక్కాయి. చదివి చదివి కళ్లు పోయాయని పెద్దవాళ్లు తేల్చేశారు. నేను లైబ్రరీ నవలలు చదవకుండా ఉండలేను. అందుకని మనుషులు మసకగా ఉన్నా సర్దుకున్నాను. మాట్లాడే అవసరం కూడా తగ్గింది.

మా నాన్నను బాపు అనేవాళ్లం. ఆయనకు ఆర్మూర్‌లో రైతుల సరుకు అమ్మిపెట్టే పసుపు అడ్తి ఉండేది. రైతు సంచి మూతి విప్పగానే ఒక కొమ్ము తీసి ఫట్‌మని విరిచి, లోపలి రంగును ఎండకు తిప్పి చూసేవాడు. ఆ రంగును బట్టే ధర. ఆయన కంటికి ఎదురు చెప్పేవాళ్లు మార్కెట్‌లో తక్కువ. ఇంట్లో అసలే లేరు.

దుబాయిలో పనిచేసే మా మేనమామ సెలవుకు వస్తూ రంగుల టీవీ తెచ్చాడు. అప్పటిదాకా మాకున్నది నలుపు తెలుపు పెట్టె. దాని ముందు బాపు ఒక రంగుల ప్లాస్టిక్ అద్దం తగిలించాడు. పైన నీలం, నడుమ నారింజ, కింద ఆకుపచ్చ. మనిషి వచ్చి నిలబడితే నీలం తల, ఆకుపచ్చ కాళ్లు. వాడంతా దాన్నే రంగుల టీవీ అనుకుని చూసింది. అందుకే అసలుది వచ్చినప్పుడు ఎవరికీ ఆనలేదు. "గీండ్ల రంగేది?" అన్నారు.

"బావా, మనిషి మొకం మనిషి మొకం లెక్కనే ఉండాలె. దుబాయిల గిట్లనే పెట్టుకుంటరు," అన్నాడు మామ.

"రంగుల టీవీ తెచ్చి రంగు తక్కువ పెట్టుమంటవేందిరా? గంత దూరం పొయ్యి పిసినారితనం నేర్సుకొని వచ్చినవా?" అన్నాడు బాపు.

ఆయన గూట్లోంచి కొమ్ము తీసి విరిచాడు. దాన్ని తెరకు ఆనించి పట్టుకుని, వార్తలు చదివే ఆమె ముఖం ఆ రంగుతో కలిసేదాకా బటన్ తిప్పాడు. "గిదీ రంగంటె!"

అమ్మ బుగ్గన వేలు పెట్టుకుంది. "అయ్యో, ఆమె పెండ్లి పీటల మీదికెల్లి లేసొచ్చినట్టే ఉన్నదుల్లా!"

వాడ తృప్తి పడింది. ఆ తర్వాత మా టీవీలో అందరూ పెళ్లివారే. మంత్రులూ, క్రికెట్ ఆటగాళ్లూ, వరదలో ఇళ్లు కూలినవాళ్లూ కూడా ఒంటి నిండా పసుపు పూసుకునే కనిపించేవారట. 'అట' అనడం ఎందుకంటే నాకు కనిపించింది కదిలే పచ్చటి మబ్బు మాత్రమే. అందరూ నవ్వాక నవ్వేదాన్ని. అందరూ ముక్కు చీదితే నేనూ కొంగు వెతుక్కునేదాన్ని.

ఒక ఆదివారం సినిమా వేళకు, పొద్దున సరుకు తెచ్చిన మెండోర రైతు ఒకాయన మా ఇంట్లోనే ఆగిపోయాడు. కాసేపు తెరను, కాసేపు బాపును చూశాడు.

"సావుకారీ, పొద్దుగాల నా కొమ్ము ఇరిసి రంగు లేదంటివి. గీమె మొకం మస్తుగున్నదంటున్నవ్. నా సంచి సుత గా టీవీల పెట్టి సూడరాదు?"

మామ పడీ పడీ నవ్వాడు. బాపుకు కోపం వచ్చింది కానీ, రైతు మీద చూపలేక యాంటెన్నా మీద చూపాడు. బొమ్మ సరిగ్గా పట్టడం లేదని, అందుకే వీళ్లకు రంగు తెలియడం లేదని మేడ ఎక్కాడు. కిటికీ దగ్గర నిలబడి చూసి చెప్పే పని నాకు పడింది. నేను అబద్ధం ఆడనని ఆయన నమ్మకం.

పైనుంచి అరిచాడు. "వచ్చిందా బిడ్డా?"

"వచ్చింది బాపూ."

"క్లియర్‌గున్నదా?"

"మస్తు క్లియర్‌గున్నది."

గదిలో అందరూ నా వైపు తిరిగారు. తెర మీద బొమ్మ ఎప్పుడో పోయిందట. మాటలు వినిపిస్తూనే ఉన్నా, తెర మీద తెల్లచుక్కలు తప్ప ఏమీ లేవట.

మామ నా పక్కకు వచ్చాడు. "కోడలా, గోడ మీద క్యాలెండర్ల తారీకెంత?"

నాకు క్యాలెండర్ ఎటువైపు ఉందో మాత్రం తెలుసు. అటకెక్కబోయే నా పుస్తకాలన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి.

"అక్కా, నీ బిడ్డకు కండ్లు కనవడ్తలెవ్వు," అన్నాడు మామ.

"కనవడ్తయా మరి? ఎప్పుడు జూసినా బుక్కుల మొకం వెట్టి కూసుంటది! ఇగ బుక్కులు బంద్!" అంది అమ్మ. ఆ మాట అంటూనే కిటికీలో ఉన్న నవలను తీసి చంకలో పెట్టుకుంది.

బాపు యాంటెన్నా తిప్పి, బొమ్మ మళ్లీ వచ్చాక మేడ దిగి వచ్చాడు. సంగతి విన్నాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. "అంటే బొమ్మ ఖరాబు కాదన్నట్టు! పిల్ల కండ్లే ఖరాబు!" తర్వాత నా వైపు తిరిగాడు. "బుక్కు కనవడ్తదా?"

"కనవడ్తది."

"టీవీ?"

"కనవడది."

సంచిలోంచి కొమ్ము తీసినంత నిదానంగా ఆలోచించి తీర్పు చెప్పాడు. "కనవడేదాన్ని బంద్ వెట్టుడేంది? బంద్ వెడితె కనవడందాన్ని వెట్టాలె. టీవీ బంద్ వెడుదామా?"

ఆదివారం సినిమా సగంలో ఉంది. అమ్మ తెర వైపు చూసింది, చంక వైపు చూసింది. నవలను తీసి నా చేతిలో పెట్టింది.

నిజామాబాద్ నుంచి కళ్లద్దాలు వచ్చిన సాయంత్రం నన్ను అందరూ టీవీ ముందు కూర్చోబెట్టారు. వార్తలు చదివే ఆమెను మొదటిసారి చూశాను. చెవి కమ్మలు, చీర అంచు, పెదాల కదలిక, అన్నీ విడివిడిగా ఉన్నాయి. ముఖం మాత్రం మా గూట్లోని కొమ్ములాగే ఉంది.

"ఎట్లున్నది?" అన్నాడు బాపు.

"రంగు జర ఎక్కువున్నది బాపూ."

నేను ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదలు. మామ దగ్గి నవ్వు ఆపుకున్నాడు. బాపు తెరను చూశాడు, నా కళ్లద్దాలను చాలాసేపు చూశాడు. లేచి పక్కకు జరిగి చోటిచ్చాడు.

"సరె, నువ్వే తిప్పు బిడ్డా. ఏడ ఆపాల్నో నేను చెప్త."