అహరోను ఫ్యాన్

పెదపాడు పక్క ఊళ్ళో యేసమ్మంటే చేపల చెరువుల దగ్గర ఐసు కొట్టి ట్రేలు సర్దే మనిషి. ఆమె పెనిమిటి అహరోను బతికినన్నాళ్ళూ చర్చిలో గంట కొట్టాడు. కొట్టి, చెమటలు కక్కుతూ తలుపు పక్కన చాప మీద కూలబడేవాడు. అతను పోయాక ఆమె తన కూలితో సరిగ్గా ఆ చోటు మీదికే ఓ ఫ్యాన్ కొనిచ్చింది.

చర్చికి ఫ్యాన్ ఇచ్చినవాళ్ళు పోయినవాళ్ళ పేరు రెక్కల మీద రాయించడం ఆ ఊరి ఆనవాయితీ. యేసమ్మ మాత్రం వద్దంది.

“పోయాక కూడా ఆయన పేరుని గిరగిరా తిప్పడమెందుకండీ? పాపం, కళ్ళు తిరుగుతాయి” అంది.

అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారు. ఆడవాళ్ళ వైపు కూచుని ప్రతి ఆదివారం ఆ ఫ్యాన్ తిరగడం చూస్తుంటే ఆమె ప్రాణం కుదుటపడేది.

రెండు వేల తొమ్మిది ఎండాకాలంలో సంఘం సెక్రటరీ ఆనంద్ పాల్ మాస్టారు ఏలూరులో కరెంటు పొదుపు మీటింగొకటి విని వచ్చారు. ఇంక ఆయన్ని పట్టగలిగేదెవరు? పట్టపగలు వాళ్ళింటి వరండా లైటు ఆర్పని మహానుభావుడు చర్చిలో పొదుపు మొదలెట్టారు. చెప్పేవి శ్రీరంగనీతులు మరి. పాత ఫ్యాన్లన్నీ దించేసి, స్టార్ల స్టిక్కరున్న కొత్తవి బిగించాలని కమిటీ చేత తీర్మానం చేయించారు.

తీర్మానం చేసిన నోటితోనే మినహాయింపులూ మొదలెట్టారు. పాస్టరు గారి వెనకాల వెలిగే పెద్ద లైట్ల జోలికి వెళ్ళకూడదు, లేకపోతే ఫొటోలు బాగా రావట. పేర్లున్న ఫ్యాన్లూ ముట్టుకోకూడదు, పోయినవాళ్ళకి అవమానమట. ఈలోగా కొత్తవాటికి గాలి తక్కువని ఎవరో పుకారు లేపారు. ఎవరి నెత్తి మీది గాలి వాళ్ళకి ముద్దు కదా, పాత ఫ్యాన్ల మీద పేర్లు రాయలేక పెయింటరుకి ఊపిరాడలేదు. సంఘం సొమ్ముతో కొన్న ఫ్యాన్ మీద కమిటీ మెంబరు దేవదానం గారు వాళ్ళ నాయనమ్మ పేరు రాయించారు. ఇంకో పెద్దమనిషికి ఇంట్లో పోయినవాళ్ళెవరూ దొరక్క పెదనాన్న తోడల్లుడి పేరు వేయించాడు. సిగ్గూ ఎగ్గూ లేని జనం.

చివరికి పేరు లేకుండా మిగిలింది అహరోను ఫ్యానొక్కటే. యేసమ్మ పరుగున మాస్టారి ఇంటికెళ్ళింది.

“మాస్టారండీ, నేనూ రాయించేస్తానండీ. దాన్ని దించెయ్యకండీ.”

“గడువైపోయిందమ్మా. రూలంటే అందరికీ ఒకటే కదా” అన్నారు ఆనంద్ పాల్ గారు, ఎంతో మెత్తగా. వరండాలో లైటు వెలుగుతూనే ఉంది.

ఫ్యాన్ దించేశారు. యేసమ్మ దాన్ని కొంగుతో తుడిచి, ఒళ్ళో పెట్టుకుని, చర్చి మెట్ల మీద కూచుని అందరి ఎదుటా ఏడ్చింది. ఒక్కరూ ఆగలేదు. తర్వాత ఇంటికి తీసుకెళ్ళి మంచం కింద పెట్టుకుంది.

మరుసటి ఆదివారానికి ఆ చోట కొత్త ఫ్యాన్ తిరుగుతోంది. చర్చి మొత్తానికీ పొదుపు ఫ్యాన్ అదొక్కటే. ఆరాధన అయ్యాక స్విచ్ ఆపితే రెక్కల మీద ఎర్రరంగు రాత కనిపించింది. యేసమ్మకి చదువు రాదు. పక్కనున్న పెర్సిస్ టీచర్ని అడిగింది.

“ఆనంద్ పాల్, సెక్రటరీ అనుందండీ” అంది పెర్సిస్.

మాస్టారు అక్కడే నలుగురితో కరచాలనాలు చేస్తున్నారు. యేసమ్మ నెమ్మదిగా ఆయన ముందుకెళ్ళి, చేతులు కట్టుకుని, అందరికీ వినబడేలా అడిగింది.

“అయ్యో, మాస్టారండీ, ఎప్పుడు పోయారండీ? మాకు కబురైనా పెట్టలేదేంటండీ?”