ఏడో నంబరు వాడి పెంపకం

ఒక కుర్రాడి భవిష్యత్తును మూడే మూడు రోజుల్లో, మొహం మీది మాస్కు తియ్యకుండా, ఎవరి దగ్గరికీ పోకుండా, కూర్చున్న చోటి నుంచే ఎలా తగలబెట్టవచ్చో నాకు తెలుసు. తగలబెట్టాను కనుక తెలుసు. ఇంత జరిగాక నేను సిగ్గుపడాలి. పడుతున్నాను కూడా. కానీ మీ దగ్గర దాపరికం దేనికి, సిగ్గు కంటే కోపమే ఎక్కువ. నామీద కోపం, ఆ హాలు మీద కోపం, దాని వెనక తలుపు మీద కోపం. ముఖ్యంగా ఆ తలుపు మీద.

ముందు మా వంశం గురించి చెప్పాలి. చెప్పకపోతే నాకు తోచదు. మా ముత్తాతగారు విజయనగరం వైపు పదహారు మంది మల్లయోధుల్ని పోషించారు. కుస్తీ చూడనక్కర్లేదట ఆయన. మనిషి వాకిట్లోంచి నడిచొచ్చే తీరు చూసి, వీడు నిలబడతాడు, వీడు పారిపోతాడు అని చెప్పేసేవారట. తర్వాత భూములు పోయాయి, మేడ పోయింది, మల్లయోధులు అంతకు ముందే పోయారు. నా వాటాకి వచ్చినవి రెండు: వెండి పొన్ను వేసిన ఒక చేతికర్ర, వంగని వెన్ను. కర్రని జర్మనీలో, నా హానోవర్ ఫ్లాట్‌లో గొడుగుల పక్కన నిలబెట్టాను. వెన్నుని మాత్రం ఎక్కడికెళ్లినా వెంట తీసుకెళతాను.

కరోనా రెండో వేసవి అది. మా కంపెనీ నన్ను కుర్జ్‌ఆర్బైట్‌లో పెట్టింది. అంటే వారానికి రెండు రోజులు పని, మిగతా ఐదు రోజులు కిటికీ. ఆ కిటికీ కింద పెరట్లో కార్‌స్టెన్ టమాటా మొక్కలకి నీళ్లు పోస్తుండేవాడు. కింది వాటా ఆయనది. ఒక చిన్న ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ క్లబ్బుకి ఆటగాళ్లని ఎంపిక చేసే మేనేజరు. ఆయన కిందనుంచి, నేను పైనుంచి రోజూ బాస్కెట్‌బాల్ మాట్లాడుకునేవాళ్లం. నేను మా యూనివర్సిటీ జట్టులో ఉండేవాణ్ణని ఆయనకి చెప్పాను. నాలుగేళ్లూ బెంచీ మీదే ఉన్నానని మీకు చెబుతున్నాను.

ఒకరోజు ఆయన నీళ్ల డబ్బా పక్కన పెట్టి మొహం వేలాడేశాడు.

"మాగ్డెబర్గ్‌లో మూడు రోజులు ప్రదర్శన ఆటలున్నాయి. ఇంకా ఏ క్లబ్బుతోనూ సంతకం కాని కుర్రాళ్లు ఆడతారు. మా జట్టులో ఒకే ఒక్క చోటు ఖాళీ. మా కోచ్‌కి పాజిటివ్. ఆయనతో కలిసి భోంచేశాను కనుక నేను క్వారంటైన్. చూసి రాసే మనిషి లేడు."

"నేను లేనా?" అన్నాను. మల్లయోధుల సంగతి మొత్తం చెప్పాను. "నాకు నడక చూస్తే చాలు."

"నడక వద్దు, ఆట చూడండి," అన్నాడాయన.

పాపం, లోతు తెలియని మనిషి అనుకున్నాను.

హానోవర్ తెలుగువాళ్లలో ఏ వార్తా గంటకి మించి ఒక ఇంట్లో ఆగదు. ఆ సాయంత్రమే సుభద్రగారు ఫోన్ చేశారు. ఆవిడది కరీంనగర్. ఇక్కడ ఒక కీటాలో, అంటే శిశుశాలలో, చిన్నపిల్లల్ని చూసుకుంటారు. ఒంటరిగా కొడుకుని పెంచుకొచ్చారు. మావి ఫోన్ పలకరింపులే తప్ప, ఆ అబ్బాయిని నేను ఒక్కసారి కూడా చూడలేదు.

"దొరగారూ, మీరు మాగ్డెబర్గ్ పోతున్నరట. మా వికాస్ గా ఆటలల్లనే ఉన్నడు. పందొమ్మిదేండ్లొచ్చినయి. ఈపారి సంతకం కాకుంటే బంతి పక్కకు వెట్టి ఔస్‌బిల్డుంగ్‌ల చేరి పని నేర్చుకుంటనని నాకు మాటిచ్చిండు. నేనే అడిగి తీస్కున్న ఆ మాట. ఇప్పుడు నాకే బుక్క దిగుత లేదు."

"పక్షపాతం అనేది మా వంశంలో లేదండీ."

"పక్షపాతం ఎవలడిగిన్రు? కండ్లతోని చూడున్రి అంటున్న. గంతే."

ఆవిడ 'దొరగారూ' అన్నప్పుడల్లా నేను ఒక అంగుళం పెరిగేవాణ్ణి. అది వెక్కిరింత అని తెలియడానికి నాకు చాలా రోజులు పట్టింది.

మొదటి రోజు పొద్దున్నే హాలు ముందు దిగాను. టెస్టు కాగితాలు చూసే ఒకావిడ తలుపుకి అడ్డంగా నిలబడింది.

"మీ పేరు సహాయకుల జాబితాలో ఉంది. వెనక తలుపు నుంచి రావాలి. పది నిమిషాల్లో అక్కడే బ్రీఫింగ్."

"వెనక తలుపంటే ఎక్కడ?"

"సామాన్లు దింపే చోట. చెత్త డబ్బాల పక్కన."

ఒక్కసారి ఆలోచించండి. చెత్త డబ్బాల పక్కన. "మావాళ్లు కలెక్టరు బంగళాకి కూడా ముందు తలుపు నుంచే వెళ్లారు," అన్నాను.

"కలెక్టర్ అంటే?" అంది ఆవిడ. "ఇది హైజీన్ నియమం. ముందు తలుపు ఆటగాళ్లకి మాత్రమే."

నా జర్మన్ మామూలుగా కుంటుతుంది. కోపం వస్తే పరిగెడుతుంది. ఆ రోజు గుర్రంలా పరిగెత్తింది. అరగంట తర్వాత ఆవిడ విసిగి వేసారి ముందు తలుపే తీసింది. గెలిచాను. ఈలోగా బ్రీఫింగ్ అయిపోయింది. ఏం చెప్పారండీ అని ఎవరినైనా అడగవచ్చు. కానీ అడగడమంటే వంగడమే కదా. 'నియమాలు విన్నాను, ఈరోజు జాబితా తీసుకున్నాను' అని రాసున్న ఫారం ఒకటి ముందుకు తోస్తే, వెన్ను నిటారుగా పెట్టి సంతకం చేసేశాను. మూడు రోజులూ ఇదే యుద్ధం, ఇదే గెలుపు, ఇదే సంతకం. ఆ జాబితా ఏమిటో ఇప్పుడే చెప్పను. చెబితే మీరు నన్ను ఇక్కడే వదిలేసి వెళ్లిపోతారు.

ప్రేక్షకులు లేరు. నన్ను దూరం పాటించమని చిట్టచివరి వరసలో, పైకప్పుకి దగ్గరగా కూర్చోబెట్టారు. మాస్కులోంచి ఎగదన్నిన నా ఊపిరి కళ్లద్దాలకి పట్టేసి, కింద ఆడుతున్నవాళ్లు ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు కనిపించే ఇడ్లీల్లా ఉన్నారు. ఎవరికీ మొహం లేదు. వీపుల మీద నంబర్లు మాత్రం ఉన్నాయి. కొంచెం ముందుకొచ్చి కూర్చోవచ్చా అని అడగవచ్చు. అడగలేదని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

సుభద్రగారి మెసేజి వచ్చింది: "ఇయ్యాల మావోనికి ఏడో నంబరు ఇచ్చిన్రట."

ఏడుని పట్టుకున్నాను. అబ్బ, ఏం కుర్రాడు. బంతి బుట్టలో పడకపోతే తల పట్టుకోడు, వెంటనే వెనక్కి పరుగెడతాడు. తను వెయ్యగలిగిన బంతిని కూడా ఇంకా మంచి చోట ఉన్నవాడికి ఇస్తాడు. నిలబడితే నిట్రాడలా ఉన్నాడు.

సాయంత్రం రైల్లోంచే ఫోన్ చేశాను. "మీ అబ్బాయి వెన్ను చూశానండీ. పెంపకం కనిపిస్తోంది."

"అట్లనా. ఆట ఎట్లున్నది?"

"ఆట కూడా బాగుంది," అన్నాను, చిన్న విషయంలాగా.

రెండో రోజు అదే ఏడో నంబరు నా పరువు తీశాడు. నడుస్తున్నాడు. ఆటలో, బంతి అటు పోతుంటే, పెళ్లి విందు తిన్నవాడిలా నడుస్తున్నాడు. మూడుసార్లు బూటు తాడు కట్టుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్క రోజు పొగిడేసరికి నెత్తికెక్కిందన్నమాట. అవతలి జట్టులో పదకొండో నంబరు వాడున్నాడు, వాణ్ణి చూస్తే కడుపు నిండింది. పడిపోయిన ప్రత్యర్థికి చెయ్యిచ్చి లేపి, మరుక్షణం వాణ్ణే దాటేసి బంతి బుట్టలో వేశాడు. పుస్తకంలో రాసుకున్నాను: 'పదకొండు - వంశం ఉన్నవాడు.'

ఆ సాయంత్రం సుభద్రగారే ఫోన్ చేశారు. "ఇయ్యాల ఇంకా మంచిగ ఆడిన అన్నడు మావోడు."

"చెడ్డగా ఆడానని ఎవడూ ఇంట్లో చెప్పడండీ," అన్నాను.

ఆవిడ "సరే దొరగారూ," అని పెట్టేశారు.

మూడో రోజు ఏడో నంబరు రెఫరీ మీదికి వెళ్లాడు. నీళ్ల సీసాని కాలితో తన్నాడు. ఇక నేను మరో మనిషిని చూడలేదు. వాడి ప్రతి తప్పునీ రాద్దామని కూర్చున్నాను. రాయనిస్తేనా. నాలుగో నంబరు వాడొకడు మాటిమాటికీ మధ్యలో దూరి, ఏడు చేతిలోంచి బంతి లాక్కుని పోతున్నాడు. వాడి తప్పులు వాణ్ణి చెయ్యనివ్వడం లేదు. ఇదెక్కడి మర్యాద? వాడు అడ్డొచ్చిన ప్రతిసారీ పుస్తకం అంచున ఒక గీత గీశాను, నిర్వాహకులకి ఫిర్యాదు చేద్దామని.

నివేదిక ఇలా రాశాను: 'ఏడో నంబరు, వికాస్. మొదటి రోజు మెరుపు, తర్వాత బద్ధకం, ఆపైన పొగరు. పెంపకంలో లోపం ఉంది. ఈ కుర్రాణ్ణి తీసుకోవద్దు.' కార్‌స్టెన్‌కి పంపాను. అంతటితో ఆగితే మా వంశం కాదు. న్యాయం ఎదురుగా నిలబడి చెప్పాలని సుభద్రగారికి ఫోన్ చేసి మొత్తం చదివి వినిపించాను.

"పెంపకమా?" అన్నారావిడ.

"నొచ్చుకోకండి. పదకొండో నంబరు కుర్రాడొకడు ఉన్నాడు. వాణ్ణి చూసి నేర్చుకోమనండి."

ఫోన్ కట్ అయింది. సిగ్నల్ పోయిందనుకున్నాను.

రెండు రోజుల తర్వాత, సాయంత్రం నాలుగింటికి, పెరట్లోంచి కేక వినిపించింది. "దొరగారూ, జర కిందికి దిగున్రి."

దిగాను. సుభద్రగారు మాస్కుతో, చేతిలో మూడు కాగితాలతో నిలబడి ఉన్నారు. పక్కన తలుపంత ఎత్తు కుర్రాడు. పెద్దవాళ్లతో మాట్లాడటానికి అలవాటుగా మెడ వంచుకుని ఉన్నాడు. అంత దగ్గరగా, పొగమంచు లేకుండా, వికాస్ మొహం నేను చూడటం అదే మొదలు.

"మీ కార్‌స్టెన్ సారు వద్దని మెయిల్ పంపిండు," అన్నారావిడ. "పొద్దుగాల్లనే నాకిచ్చిన మాట నిలబెట్టనీకె వీడు ఔస్‌బిల్డుంగ్ ఫారాలు ముంగట వేస్కున్నడు. సరే, ఎందుకు వద్దన్నరో సూద్దామని ఈ కాగితాలు తీసిన. చెప్పురా."

"అంకుల్, నంబర్స్ రోజూ మారతయి," అన్నాడు వికాస్. వాడి గొంతులో కోపం లేకపోవడం నాకు మరింత కోపం తెప్పించింది. "జెర్సీలన్నీ కలిపి ఉతుకుతరు. పొద్దున పెట్టెలకెల్లి ఏది చేతికొస్తే అదే. టీమ్స్ కూడా కలుపుతరు. ఎవరు ఏ నంబరో లిస్ట్ బ్రీఫింగ్‌ల ఇస్తరు, అమ్మ చేతులున్నయి అవే. గెనావ్, కరెక్ట్, అందుకే బ్రీఫింగ్."

"అయితే నువ్వు..."

"ఫస్ట్ డే ఏడు. సెకండ్ డే పదకొండు."

సుభద్రగారు ఒక అడుగు ముందుకేశారు. ఒకటిన్నర మీటరు నియమం అక్కడితో పోయింది. "పదకొండో నంబరోన్ని చూసి నేర్చుకొమ్మన్నరు గదా. అద్దం ముంగట నిలవెట్టి నేర్పియ్యాల్నా దొరగారూ?"

అయినా అడిగాను: "మూడో రోజు?"

"నాలుగు."

"నాలుగో నంబరు... ఎలా ఆడాడు?"

వికాస్ నా వంక జాలిగా చూశాడు. "అక్కడున్నది మీరు అంకుల్."

అప్పుడే కింది వాటా కిటికీ తెరుచుకుంది. క్వారంటైన్‌లో ఉన్న కార్‌స్టెన్ తల బయటపెట్టాడు. "ఏమైంది? తొందరగా చెప్పండి. ఐదింటికి ఇంకో కుర్రాడికి ఒప్పందం కాగితం పంపుతున్నాను."

అప్పటికి నాలుగుంపావు. ఏమీ కాలేదని చెప్పి మేడెక్కేయవచ్చు. నివేదిక అంటే అభిప్రాయమే కదా, ఎవరేం చేస్తారు. నా వెన్ను ఆ సలహానే ఇచ్చింది. కానీ సుభద్రగారు నన్ను చూడటం లేదు. కొడుకు చేతిలోని ఔస్‌బిల్డుంగ్ ఫారాలు చూస్తున్నారు.

"నేను ఒక్క రోజు కూడా బ్రీఫింగ్‌కి వెళ్లలేదు," అన్నాను. "జాబితా తీసుకోలేదు. తీసుకున్నానని అబద్ధపు సంతకం పెట్టాను. ముగ్గురు మనుషుల్ని ఒక్కడనుకుని, మిగతా ఇద్దరి పాపాలూ ఈ అబ్బాయి నెత్తిన రాశాను."

"ఎందుకు వెళ్లలేదు?"

"తలుపు చెత్త డబ్బాల పక్కన ఉంది."

కార్‌స్టెన్ నా పుస్తకం అడిగాడు. పైనుంచి తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టాను. ఏడు, పదకొండు గురించి రాసింది ఒక్కో ముక్కా నన్ను అడిగి చెప్పించుకుని, మూడో రోజు పుట దగ్గర ఆగాడు.

"ఈ గీతలేమిటి?"

"నాలుగో నంబరు వాడు నాకు అడ్డొచ్చిన లెక్క. ఫిర్యాదు చేద్దామని."

"అడ్డొచ్చి ఏం చేశాడు?"

"ఏడు చేతిలోంచి బంతి లాక్కుపోయాడు. ఆటంతా అదే పని."

కార్‌స్టెన్ వేలు పెట్టి లెక్కపెట్టాడు. తొమ్మిది. మళ్లీ లెక్కపెట్టాడు. మళ్లీ తొమ్మిదే. "ఒక్క ఆటలో తొమ్మిదిసార్లు బంతి లాక్కున్నవాడి మీద ఫిర్యాదు చేద్దామనుకున్నారు," అన్నాడు మెల్లగా. తర్వాత కిటికీ మూసుకుని, ఎవరికో ఫోన్ చేశాడు. ఆ పావుగంటా పెరట్లో ముగ్గురం టమాటాలు చూస్తూ నిలబడ్డాం. నాకు టమాటాల మీద కూడా కోపం వచ్చింది.

కిటికీ తెరుచుకుంది. "సోమవారం ప్రాక్టీసుకి రమ్మనండి," అన్నాడు కార్‌స్టెన్.

సుభద్రగారు ఆ ఫారాలు నాలుగుగా మడిచి సంచిలో పెట్టుకున్నారు. అప్పుడు గానీ ఆవిడ కళ్లు తుడుచుకోలేదు. తర్వాత నావైపు తిరిగారు. "నా కోపమైతే పోలే. జెప్తున్న."

"నాదీ పోలేదండీ," అన్నాను.

ఆ శరదృతువులో హాళ్లు సగం తెరిచారు. వికాస్ సంతకం అయ్యాక, క్లబ్బు సొంత హాల్లో జరిగే మొదటి మ్యాచ్‌కి నేల తుడిచే మనుషులు తక్కువయ్యారని కార్‌స్టెన్ అంటే, సుభద్రగారు క్షణం ఆలోచించలేదు. "దొరగారున్నరు గదా," అన్నారట. వెళ్లాను. వెనక తలుపు నుంచి. అక్కడా చెత్త డబ్బాలే. బ్రీఫింగ్‌లో మొదటి వరసలో నిలబడి, అన్నీ రాసుకుని, రెండు ప్రశ్నలు కూడా అడిగాను. పెట్టెలోంచి చేతికొచ్చిన జెర్సీ తొడుక్కున్నాను. వీపు మీద నంబరు ఏమిటో మీరు ఊహించగలరు.

రెండో భాగంలో వికాస్ జారి పడ్డాడు. ఒక కుర్చీ విడిచి ఒక కుర్చీలో కూర్చున్న జనంలోంచి తెలిసిన గొంతు లేచింది.

"ఏడో నంబరూ, గా మూలకు చెమట అట్లనే ఉన్నది. జర నడుము వంచున్రి."

మా వంశంలో అంతవరకు ఎవరి ముందూ వంగని వెన్ను, బాస్కెట్‌బాల్ నేల మీద, తడిగుడ్డతో, ప్రేక్షకుల సమక్షంలో వంగింది.

కాబట్టి ముత్తాతగారి వెండి పొన్ను కర్ర సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట మొహం చూడని మనిషి పెంపకం గురించి నోరెత్తను. ఏ తలుపు చూపిస్తే ఆ తలుపులోంచే వెళతాను. ఆ తలుపు పక్కనే చెత్త డబ్బాలు ఎందుకు పెట్టారన్నది మాత్రం ప్రతి బ్రీఫింగ్‌లోనూ చెయ్యెత్తి అడుగుతాను.